బాలుర చేతికి ప్రళయకథలు

బాలురకు నేమి చదువనీయవలెను, ఏమి చదువనీయరాదు అను ప్రశ్న క్రొత్తది కాదు. ఒకప్పుడు శృంగారకావ్యములను గూర్చియు, పిమ్మట నవలలను గూర్చియు, ఆవల చలనచిత్రములను గూర్చియు పెద్దలు వాదించుకొనిరి. ఇటీవలి నాలుగైదు దశాబ్దములలో పాశ్చాత్యదేశములందు ఆ వాదము మఱియొక రూపము దాల్చినది. లోకము నశించిన పిమ్మట మిగిలిన పిల్లల కథలను, పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమువారు చదువుటకై ప్రత్యేకముగా వ్రాయుట యచట నొక సాహిత్యశాఖగా వర్ధిల్లినది. ఆ కథలలో నగరములు కాలిపోవును, నీరు విషమగును, తల్లిదండ్రులు కన్నులయెదుటనే చనిపోవుదురు, ప్రభుత్వమన్నది యుండదు, ఉన్నచో లేకుండుటయే మేలనిపించును. వానిలో కొన్ని పుస్తకములు చివరిపుట వఱకు జదివినను ఒక్క దీపమైనను వెలుగదు.

ఇట్టి పుస్తకములు నేడు మన పట్టణములలోని పుస్తకశాలలయందును, ఆంగ్లపాఠశాలల గ్రంథాలయములయందును దొరకుచున్నవి. మన పిల్లలును చదువుచున్నారు. తండ్రులలో ననేకులకు ఆ పుస్తకముల యట్టలు తప్ప లోపలిసంగతి తెలియదు. కావున వీనిని గూర్చి చదివినవారేమనిరో, చదువవలదన్నవారేమనిరో, వ్రాసినవారి యుద్దేశమేమో విచారించి, మా యభిప్రాయమును పాఠకమహాశయుల యెదుట నుంచుట యుక్తమని తలంచుచున్నాము.

ఒక జర్మను గ్రంథము

ఈ వాదము నెల్ల నొక్కచోట చూడగోరువారు జర్మనీదేశమునకు పోవలెను. 1983వ సంవత్సరమున గుడ్రూన్ పౌజెవాంగ్ అను నుపాధ్యాయిని "షేవెన్‌బోర్న్ కడపటి పిల్లలు" అను నర్థము వచ్చు పేరుతో నొక చిన్ననవలను ప్రకటించిరి. ఆ కాలమెట్టిదో జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. జర్మనీ యప్పుడు రెండు రాజ్యములుగా చీలియుండెను. ఆ యేటి చివరనే అమెరికావారి పెర్షింగ్ క్షిపణులు పశ్చిమజర్మనీకి చేరుట కారంభించెను. వలదు వలదని జనులు లక్షలకొలది వీధులలోనికి వచ్చిరి. యుద్ధమే వచ్చినచో తూర్పుసేనలు ఫుల్డాప్రాంతపు కనుమదారిని చొచ్చుకొనివచ్చునని సైనికనిపుణులు లెక్కలు వేసికొనియుండిరి. రచయిత్రి నివాసము ఆ ఫుల్డాకు సమీపముననే యున్న ష్లిట్స్ అను చిన్నయూరు. ఆమె తన యూరినే పేరుమార్చి కథలో నిలిపిరి.

రోలండ్ అను పండ్రెండేండ్ల బాలుడు వేసవిసెలవులలో తల్లిదండ్రులతోను, అక్కతోను, చెల్లెలితోను ఫ్రాంక్‌ఫర్టునుండి తాతగారి యూరికి కారులో బయలుదేరును. త్రోవలో కన్నులు చెదరు వెలుగొకటి మెఱయును. ఫుల్డామీద బాంబు పడినది. ఆ దినముననే తాతయు నవ్వయు ఫుల్డాకు పోయియున్నారు. వారిక తిరిగి రారు. అటుపిమ్మట కథ దినవహి వ్రాయువాని నెమ్మదితో సాగును. బాలుడు ఆసుపత్రిలో దాహమని యఱచువారికి నీరు మోయును. అంటుజ్వరము వచ్చి చెల్లెలు పోవును. తల వెండ్రుకలు రాలి అక్క పోవును. గర్భవతియైన తల్లి తన యింటికి పోవలెనని పట్టుపట్టి మిగిలినవారిని ఫ్రాంక్‌ఫర్టు వఱకు నడిపించును; అచట నిల్లును లేదు, ఊరును లేదు. తిరిగి వచ్చి ప్రసవించి ఆమెయు మరణించును. పుట్టిన శిశువు బ్రదుకదగిన రూపముతో పుట్టలేదు.

నాలుగేండ్లు గడచును. తండ్రి యూరిలో మిగిలిన పిల్లలకు బడి పెట్టును. ఒకనాడు పిల్లలు గురువు నడుగుదురు: బాంబులు ప్రోగుపడుచున్నప్పుడు మీరేమి చేయుచుంటిరి? ఆపుటకై వ్రేలైనను కదల్చితిరా? ఆయనకు జవాబు లేదు. చేసినదేమియు లేదు గనుకనే లేదు. పిల్లలచే హంతకుడనిపించుకొని ఆయన బడి విడుచును. అప్పటికి పదునేడేండ్లవాడైన కొడుకు, తానును రోగియయ్యు, ఆ బడిని చేపట్టును. అక్షరములకంటె ముందుగా దోచుకొనక, చంపుకొనక, ఒకరికొకరు తోడుపడి బ్రదుకుట నేర్పవలెనని వాని తలంపు. తాను చదువు చెప్పుచున్న యీ పిల్లలే ఆ యూరికి కడపటి పిల్లలని వానికి తెలియును.

చదివినవారి తీర్పులు

ఇది పిల్లల పుస్తకమా యని పెద్దలు విస్తుపోయిరి. విస్తుపోవుట సహజమే. పండ్రెండేండ్ల బిడ్డ చేతికి నిట్టి కథ నిచ్చి నిద్రపొమ్మనుట క్రౌర్యమనిరి. పరిష్కారము చూపక భయము మాత్రమే చూపుట విద్య కాదనిరి. రాజకీయపక్షముల తగవులోనికి పసివారిని దింపుట యన్యాయమని మఱికొందఱనిరి. కాని జర్మనీలో బుక్స్‌టెహూడ యను పట్టణమువారు యువజనులకై వ్రాసిన మంచి పుస్తకమునకు ఏటేట నొక బహుమానము నిత్తురు. ఆ నిర్ణయసభలో పెద్దలతో సమసంఖ్యగా బాలబాలికలు కూర్చుందురు. 1983వ సంవత్సరపు బహుమానము ఈ గ్రంథమునకే దక్కినది. పెద్దలు వలదన్న పుస్తకమును యువపాఠకులు కూడిన సభ యోగ్యమని నిర్ణయించెనన్నమాట.

ఈ గ్రంథము పాఠశాలలలో పఠనీయమైనది. అట్లు చదివిన తరమువారు నేడు నడివయస్సువారు. వారి మాటలు రెండువిధములుగా వినబడును. కొందఱు, ఆ పుస్తకము తమకు బాల్యములో కలిగించిన భయము నేటికిని పోలేదనియు, తమ పిల్లలచే దానిని చదివింపమనియు చెప్పుదురు. కొందఱు, తాము లోకవ్యవహారములను పట్టించుకొనుట ఆనాటినుండియే మొదలైనదనియు, ఆ పుస్తకము లేకున్నచో తాము నిదురలో నుండెడివారమనియు చెప్పుదురు. విచిత్రమేమన, పెక్కుసారులు ఈ రెండు మాటలును ఒక్క నోటనే వచ్చును. భయపడితిమి, మేలుకొంటిమి యని వారి సాక్ష్యము. ఈ సాక్ష్యమును ఏ పక్షమువారును తమకు వలసినంత మేర కత్తిరించుకొని వాడుకొనరాదు.

రచయిత్రి యిట్లేల వ్రాసిరో తెలిసినచో ఆ తండ్రి నడిగిన ప్రశ్న యెక్కడినుండి వచ్చినదో తెలియును. పౌజెవాంగ్ గారు 1928లో బొహీమియాలోని జర్మనుకుటుంబమున జన్మించిరి. తండ్రి యుద్ధములో మరణించెను. బాలికగా నున్నప్పుడు హిట్లరును నమ్మినవారిలో తానొకతెనని యామె దాచక చెప్పుకొనిరి. 1945లో యుద్ధము ముగియునప్పటికి పదునేడేండ్లు. ఊరు విడిచి పాఱిపోవలసివచ్చెను. లోకము కూలుట యననేమో ఆమె పుస్తకములలో నేర్చుకొనలేదు. యుద్ధానంతరము జర్మనీలో పిల్లలు పెద్దల నడిగిన ప్రశ్న ఒక్కటే: ఇదంతయు జరుగుచుండగా మీరేమి చేయుచుంటిరి? ఆ ప్రశ్న తన పిల్లలకాలమున మరల పుట్టకూడదని, పుట్టుటకు ముందే ఆమె దానిని కథలో నడిగించిరి. 2020 జనవరిలో ఆమె స్వర్గస్థురాలైరి.

1986లో చెర్నోబిల్ విద్యుత్కేంద్రము ప్రేలినది. మఱుసటియేడే ఆమె "మేఘము" అను రెండవ నవలను వెలువరించిరి. బవేరియాలో నిజముగా నున్న గ్రాఫెన్‌రైన్‌ఫెల్డ్ అణువిద్యుత్కేంద్రమున ప్రమాదము జరిగినట్లు కల్పించి, పదునాలుగేండ్ల యాన్నా-బెర్టా యను బాలిక తమ్ముని పోగొట్టుకొని, తల వెండ్రుకలు పోగొట్టుకొని, బోడితలను దాచుకొనక తిరుగుటను వర్ణించిరి. 1988లో ఆ గ్రంథమునకు జర్మనుయువజనసాహిత్య బహుమానము వచ్చినప్పుడు వాదము మరల చెలరేగెను. 2011లో జపానుదేశమున ఫుకుషిమా ప్రమాదము జరిగినపుడు జర్మనులు ఆ పుస్తకమును మరల చేతబట్టిరి. కథలోని యా కేంద్రము 2015లో మూతపడినది. 2023 ఏప్రిలులో ఆ దేశపు కడపటి అణువిద్యుత్కేంద్రములును మూతపడినవి. అది యంతయు నొక పిల్లలపుస్తకము మహిమ యనుట యతిశయోక్తి. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యను చర్చ వేఱు. కాని బాల్యమున చదివిన కథ యొకటి ఒక తరపు పౌరుల మనస్సులో కూర్చుండుట కిది నిదర్శనము. పుస్తకమునకు బలము లేదని తలంచువారు పుస్తకమునకు భయపడరు గదా!

చివరను మార్చిన గ్రంథకర్త

ఇంగ్లండులో రాబర్టు స్విండెల్స్ గారు 1984లో వ్రాసిన "బ్రదర్ ఇన్ ది లాండ్" ఇట్టిదే. యార్కుషైరులోని యొక చిన్నపట్టణము. అంగడివాని కుమారుడైన డానీ, వాని చిన్నతమ్ముడు బెన్ అణ్వస్త్రప్రయోగమునకు పిమ్మట మిగులుదురు. సాయము చేయుటకు రావలసిన అధికారులే గాయపడినవారిని భారమనుకొని తొలగించుదురు. ధాన్యము వారి యదుపులో, తుపాకి వారి చేతిలో. చివర తమ్ముడు రోగమున చనిపోవగా అన్న పూడ్చిపెట్టి తన కథను వ్రాసి ముగించును. ప్రతిలో వెలుగన్నది లేదు. పదేండ్ల తరువాత 1994లో వెలువడిన ప్రతిలో గ్రంథకర్త మఱియొక ప్రకరణమును జేర్చి డానీకి కొంత ఆశను మిగిల్చిరి. ఈ నడుమ బెర్లినుగోడ కూలినది. సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైనది. లోకము కొంచెము ఊపిరి పీల్చుకొనగా కథయు ఊపిరి పీల్చుకొన్నది.

ఏ ముగింపు మేలు అని నేటికిని పాఠకులు తగవులాడుకొనుచున్నారు. మొదటి ముగింపే సత్యమనియు, రెండవది మందుపై పూసిన తేనెయనియు కొందఱి మతము. పసివానికి త్రోవ యొకటి చూపక తలుపు వేయుట గ్రంథకర్తకు తగదని మఱికొందఱి మతము. అమెరికాలో లోయిస్ లౌరీ గారు 1993లో వ్రాసిన "ది గివర్" అను గ్రంథము బాధయు స్మృతియు లేని యొక కృత్రిమసమాజమునుండి జోనస్ అను బాలుడు శిశువొకని నెత్తుకొని మంచులో పాఱిపోవుటతో ముగియును. వారు బ్రదికిరో చనిపోయిరో స్పష్టముగా చెప్పలేదు. ఏమైరో చెప్పుడని పిల్లలు రచయిత్రికి ఉత్తరములు వ్రాయుచునేయుండిరి. ఆ గ్రంథమునకు 1994లో న్యూబెరీ పతకము లభించినది. దానిని తమ పాఠశాలలనుండి తొలగింపవలెనని తల్లిదండ్రులు పలుచోట్ల ఫిర్యాదు చేయుటయు జరిగినది. పిల్లలు ముగింపును గూర్చి యడిగిరి. పెద్దలు పుస్తకమునే తీసివేయుమనిరి. ఈ రెండు కోరికలకు నడుమనున్న భేదము గమనింపదగినది. పిల్లవానికి వలసినది ఇంకను చెప్పుట. పెద్దవానికి వలసినది చెప్పకుండుట.

అంగడిసరకైన ప్రళయము

2008లో సుజాన్ కాలిన్స్ గారి "హంగర్ గేమ్స్" వెలువడినప్పటినుండి ఈ సాహిత్యము వేఱొక మలుపు తిరిగినది. పానెమ్ అను భావిరాజ్యమున రాజధాని యొకటి, దానికి లోబడిన పండ్రెండు మండలములు. పూర్వము చేసిన తిరుగుబాటునకు శిక్షగా, ఏటేట మండలమునకు నొక బాలుడు, నొక బాలిక చొప్పున ఇరువదినలుగురిని చీట్లు తీసి రప్పించి, ఒక్కరు మిగులువఱకు ఒకరినొకరు చంపుకొనునట్లు చేసి, రాజధానివారు దానిని వినోదముగా చూతురు. పేదయింటి బిడ్డ తన పేరును మఱొకసారి చీట్లలో వేయించుకొన్నచో ఇంటిలో నొక్కరికి యేడాదికి సరిపోవు కొలదిపాటి ధాన్యమును నూనెయు నిత్తురు. ఆ విధముగా కాట్నిస్ అను పదాఱేండ్ల కథానాయిక పేరు ఇరువది చీట్లలో నున్నది. పండ్రెండేండ్ల చెల్లెలి పేరు ఒక్క చీటిలో నున్నది. లేచివచ్చినది ఆ యొక్క చీటియే. చెల్లెలికి బదులు తాను పోవుదునని అక్క ముందుకు వచ్చును. ఆకలిగొన్నవాని ప్రాణమునకు ధాన్యమును తూచియిచ్చు నా పద్ధతిని చదివినప్పుడు, కఱవుకాలమున గింజలకై పొలము వ్రాసియిచ్చిన కుటుంబముల కథలు తెలిసిన మన రైతుబిడ్డకు వేఱుగా భాష్యము చెప్పనక్కఱలేదు.

ఈ గ్రంథము కోట్లకొలది చదువరులను సంపాదించినది. 2012లో చలనచిత్రమైనది. దానిని జూచి పలువురు పలువిధముల ప్రళయములను కల్పించి యంగడికి దెచ్చిరి. అమెరికాగ్రంథాలయసంఘమువారు ప్రకటించు ఫిర్యాదులపట్టికలో ఆ కథలు 2010, 2011 సంవత్సరములలో ప్రముఖస్థానము వహించినవి. 2011 జూనులో మేగన్ కాక్స్ గర్డన్ అను విమర్శకురాలు వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో, యువజనుల పుస్తకములు చీకటితో నిండిపోయినవనియు, మంచి తల్లిదండ్రులు పుస్తకశాలలో నేమి కొనవలెనో తెలియక తికమకపడుచున్నారనియు వ్రాసిరి. వెంటనే వేలకొలది పాఠకులు ప్రత్యుత్తరములిచ్చిరి. ఆ చీకటిపుస్తకములే తమ్ము బ్రదికించినవని వారిలో ననేకులు తెలిపిరి. రెడ్ ఇండియనుజాతివాడైన రచయిత షెర్మన్ అలెక్సీగారు, పేదరికమును, హింసను స్వయముగా ననుభవించుచున్న పిల్లలకు పుస్తకమునుండి రక్షణ కల్పింతుమనుట వింత యని వాదించిరి. 1977 నవంబరులో దివిసీమ యుప్పెననుండి బ్రదికి బయటపడిన బాలురను తలంచుకొన్నచో ఈ మాటలోని సత్యము మనకును గోచరించును. లోకము కూలుటను కన్నులార చూచినవానికి ఏ గ్రంథకర్తయు క్రొత్తగా భయము నేర్పలేడు.

2010లో లారా మిల్లర్ అను విమర్శకురాలు న్యూయార్కరు పత్రికలో మఱియొక సూక్ష్మమును చూపిరి. పెద్దలు ఈ కథలను భవిష్యత్తును గూర్చిన హెచ్చరికలుగా చదువుదురు. పిల్లలు మాత్రము తమ నేటి జీవితపు చిత్రముగా చదువుదురని యామె భావము. ఎవరో పెట్టిన నియమములు, ఎల్లప్పుడు కాచియుండు కన్నులు, తోడివానిని త్రోసివేసిననే గాని గెలువలేని పోటీ. ఇది వారి పాఠశాలయే. ఈ మాట మనల నాలోచింపజేయవలెను. తెల్లవాఱుజామున లేపి, రాత్రి ప్రొద్దుపోవువఱకు కూర్చుండబెట్టి, వారమువారము శ్రేణిసంఖ్యలు గోడకెక్కించు మన శిక్షణకళాశాలలలోని పదాఱేండ్ల పిల్లవాడు ఇరువదినలుగురిలో నొక్కడే మిగులు కథను చదివి, అది యెక్కడిదో అమెరికాదేశపు టూహ యని తలంచునా? అతనికి ఆ రంగస్థలము పరిచితమే. పుస్తకము భయంకరమని దాచువారు ముందుగా దినచర్య యెంత సౌమ్యముగా నున్నదో చూచుకొనవలెను.

ఇంకొక వింత కలదు. వెరోనికా రాత్ గారి "డైవర్జెంట్" కథలలో మూడవసంపుటము 2013లో వెలువడినప్పుడు, కథానాయిక చివర మరణించినదని పాఠకులు ఆగ్రహించిరి. లోకమంతయు పాడుపడిన కథను రెండు సంపుటములు హాయిగా చదివినవారు మూడవదానిలో నొక్క మరణమును సహింపలేకపోయిరి. దీనినిబట్టి మాకు తోచినదేమన: లక్షలమంది చావు సంఖ్యగా నున్నంతకాలము పాఠకుని తాకదు, పేరు తెలిసిన యొక్కతె చావు తాకును. ఏ పుస్తకము ఆ యొక్కతెను మనకు చుట్టముగా చేయునో అది సాహిత్యము. ఏది పాడునగరమును తెరపై రంగులతో చూపి జేబు దులుపునో అది వ్యాపారము. ఈ రెండును ఒక్కబల్లమీద ఒక్కవెలకే అమ్ముడుపోవుట వలననే తండ్రులకు తికమక కలుగుచున్నది.

ప్రతిపక్షవాదములోని సత్యము

వలదనువారి మాటలో సారము లేదని మేమనము. వారి యాక్షేపణలలో రెండు గట్టివి. మొదటిది: పిల్లవానికి ఓటు లేదు, ధనము లేదు, మాట చెల్లదు. క్షిపణులను నిలిపినవాడు వాడు కాదు. అట్టివాని భుజములపై పెద్దల పాపపుమూటను మోపి, నీవు మేలుకొనుము, లోకమును కాపాడుము అనుట న్యాయము కాదు. చెఱువుకట్టకు గండి పడనున్నదని కాపుకు చెప్పవలెను, కరణమునకు చెప్పవలెను. ఊయలలోని బిడ్డకు చెప్పి నిదుర చెడగొట్టుట యెందుకు? రెండవది: నిరాశను మాటిమాటికి త్రాగిన మనస్సు మొద్దుబాఱును. ఎట్లును మునుగునదే యనుకొన్నవాడు గండి పూడ్చుటకు పార పట్టడు.

ఈ రెండును నిజమే. అయినను ఇవి పుస్తకమును గూర్చిన యాక్షేపణలు కావు. పుస్తకమును ఎవరికి, ఎప్పుడు, ఎవరి తోడుతో నిచ్చుట యను విషయమును గూర్చినవి. పదేండ్లవానికి తగనిది పదునైదేండ్లవానికి తగును. తగినప్పుడును తోడు వలయును. షేవెన్‌బోర్న్ కథలోని ప్రశ్న బిడ్డను గాక తండ్రిని ఉద్దేశించినది. ఆ ప్రశ్నను బిడ్డ యొక్కడే గదిలో కూర్చుండి చదివి, అడుగుటకు దిక్కులేక మింగికొన్నచో అది విషమగును. తండ్రియు చదివియుండి, బిడ్డ యడిగినప్పుడు తప్పించుకొనక జవాబు చెప్పినచో అదే మందగును. ఇట్టి పుస్తకములు పిల్లలను భయపెట్టునను మాటవెనుక, తమ్ము నిలదీయునను పెద్దల భయము కొంత దాగియున్నదని మా యనుమానము.

మన సంప్రదాయమున పిల్లలకు చీకటికథలు చెప్పుట యెన్నడును నిషిద్ధము కాదు. అభిమన్యుడు పద్మవ్యూహమున నొంటరిగా కూలుట మన పిల్లలెల్లరు వినినదే. నిదురించుచున్న యుపపాండవులను అశ్వత్థామ గొంతుకోయుటయు, యాదవులు తుంగతో కొట్టుకొని కులమెల్ల నశించుటయు, ద్వారక సముద్రమున మునుగుటయు భారతములోనివే. గెలిచినవారికిని సుఖము దక్కని కథ యది. అయినను దానిని విని మన పూర్వులు మతిచెడలేదు. ఏలయన, ఆ కథ యొంటరిగా చదివినది కాదు. పురాణము చెప్పువాడు ముందు, ఊరంతయు చుట్టు, అవ్వ యొడిలో తల. అభిమన్యుడు పడినచోట చెప్పువాని గొంతు పూడెడిది. వినువారి కన్నులు చెమర్చెడివి. దుఃఖము పదుగురికి పంచబడెడిది. పిమ్మట నేల యట్లు జరిగెను, ఎవరిది తప్పు, అర్జునుడు దగ్గఱనున్నచో నేమగును అని తెల్లవాఱులు ముచ్చటించుకొనెడివారు. మారినది కథలోని చీకటి కాదు. వినువాని ప్రక్కనున్న మనిషి లేకపోవుటయే.

మా యభిప్రాయము

కావున ఈ పుస్తకములను నిషేధింపవలెనను వాదమును మేమంగీకరింపము. నిషేధించిన పుస్తకము దిండుక్రింద చేరును. అప్పుడు తోడును పోవును. అట్లని ప్రతిపాఠశాలయందు నిర్బంధపాఠ్యముగా చేయవలెనను వాదమును అంగీకరింపము. భయమునకు తఱగతియంతటికి నొకే కొలత యుండదు. తండ్రిని ఇటీవలనే పోగొట్టుకొన్న బాలుడును, ఏ కష్టము నెఱుగని బాలుడును ఒకే బల్లపై కూర్చుందురు. గురువు ఆ భేదమును గుర్తింపవలెను.

ఏ పుస్తకము మంచిదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. చివర సుఖాంతమున్నదా యని చూడనక్కఱలేదు. అంతయు కూలిన చోటను మనుష్యుడు మనుష్యునికై చేసిన పని యొక్కటైన నందున్నదా యని చూడవలెను. రోలండ్ దాహమన్నవానికి నీరు మోసెను. డానీ తమ్ముని పూడ్చిపెట్టి వాని పేరు నిలుపుటకై వ్రాసెను. జోనస్ శిశువును విడువలేదు. కాట్నిస్ చెల్లెలికి బదులు లేచి నిలిచినది. ఆశ చెప్పకపోయినను ఇట్టి పని చూపిన పుస్తకము బిడ్డను ఉత్తచేతులతో పంపదు. చంపుటయు చచ్చుటయు తప్ప నింకేమియు లేని పుస్తకము మాత్రము, చివర నెంత సూర్యోదయము చూపినను, కాలహరణమే.

అట్టి పని యొకటి పుస్తకమునుండి లోకములోనికి నడచివచ్చుటను మనము చూచితిమి. కాట్నిస్ లేచి నిలిచినప్పుడు ఆ మండలపు జనులు మూడువ్రేళ్లను పెదవులకు తాకించి పైకెత్తుదురు; ప్రియమైనవారికి కృతజ్ఞతయు వీడుకోలును తెలుపు గుర్తది. 2014లో సయాముదేశమున సేనాధిపతులు ప్రభుత్వమును చేజిక్కించుకొన్నప్పుడు యువకులు వీధులలో ఆ మూడువ్రేళ్లనే యెత్తిరి. ఎత్తినవారిని పోలీసులు పట్టుకొనిరి. 2021లో బర్మాలో సేన రాజ్యమును హరించినప్పుడు అచటి యువజనులును అదే గుర్తును చేపట్టిరి. నిరాశను నేర్పునని పెద్దలు భయపడిన పుస్తకమునుండి ఆ పిల్లలు నేర్చుకొన్నది నిరాశ కాదు. తుపాకియెదుట చేయి యెత్తుట.

తుదకు తండ్రులకు మా మనవి యొక్కటే. మీ యింట నిట్టి పుస్తకము కనబడినచో లాగికొని యటకమీద పాఱవేయకుడు. ఒకరాత్రి దానిని మీరును చదువుడు. మఱునాడు బిడ్డను పిలిచి, ఏమి తోచినదని యడుగుడు. వాడు మిమ్ములను తిరిగి యడుగవచ్చును: నీరు చెడుచుండగా, అడవి తఱుగుచుండగా, దేశములు మరల బాంబులను లెక్కించుకొనుచుండగా మీరేమి చేయుచున్నారని. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకములో లేదు. మన యింటిలో, మన యూరిలో, మన నడవడిలో నుండవలెను. ఉన్నచో ఏ ప్రళయకథయు మన పిల్లల నిదుర చెఱుపజాలదు. లేనిచో దోషము కథ వ్రాసినవారిది కాదు.